జొంసోం దారిలో పప్పన్నము

నేపాళమందలి ముక్తినాథము 108 దివ్యదేశములలో నొకటి యగుటచేత మనవారు ఏటేట పలువురు జొంసోం మీదుగా అచటికి పోవుచుందురు; పోవునపుడు సంచిలో ఆవకాయ జాడీని, కందిపొడి పొట్లమును, మనసులో ‘అక్కడ మనకు తిండి దొరకునా’ యను దిగులును మోసికొని పోవుదురు. నేనును అట్లే పోయితిని.

మొదటి రెండు దినములు, బసలో నిచ్చిన ఆంగ్లపు పట్టికను ముందువేసికొని, ‘వెజ్’ అని వ్రాసియున్న ప్రతిదానిపై వ్రేలుంచితిని. పిజ్జా యను పేర మాడిన రొట్టె వచ్చినది. కూరగాయల థుక్పా యను నూడుల్సు చారు తెచ్చిన గిన్నెలో నూడుల్సును ఆకులును కాయలును తప్ప మరేమియు కనబడకున్నను, సందేహము కలిగి, ఈ చారు ఎముకలతో కాచినదా యని యడుగగా, వడ్డించు కుఱ్ఱవాడు ‘కొంచెమే’ యని నిజము చెప్పెను. ముక్క కనబడనిచో శాకమే యని వాని లెక్క; అందు కపటము లేదు.

మూడవనాడు కాగ్బేనిలో, కాళీగండకి లోయలో మధ్యాహ్నమున విజృంభించు గాలికి తాళలేక, ఒక థకాలీ భట్టీలో దూరితిని. థకాలీలు ఆ లోయవాసులు; భట్టీ యనగా మన పూటకూళ్ల యిల్లే. తిబ్బతు ఉప్పును ధాన్యమునకు మార్చుకొను బేరగాండ్రు నడచిన ఆ దారిలో థకాలీ స్త్రీలు బాటసారులకు వండి పెట్టుట పాత సంగతి. పట్టిక అడుగలేదు. ‘దిదీ, మీ యింట నేడు ఏమి తినెదరో అదే పెట్టుడు, మాంసము మాత్రము వలదు’ అని వచ్చీరాని హిందీలో అంటిని.

ఆమె ఇనుపపాత్రలో నల్లగా ఉడికిన మినుపపప్పుపై, ఎండుగడ్డి పోచలవలె నుండు జింబూను నేతిలో వేయించి చుయ్యిమనిపించినది. జన్మలో ఉల్లి ముట్టని నా తోడియాత్రికుడు ఆ పోపు వాసనకే మురిసి మారుపప్పు పోయించుకొనెను; జింబూ ఉల్లి కులమునకు చెందినదే యని నేనాయనకు చెప్పలేదు. పులియబెట్టి యెండించిన ఆవాకు, అనగా గుంద్రుక్, గోంగూర కాకపోయినను దానికి దాయాది. టమాటా పచ్చడిలోని తిమూర్ గింజ నాలుకను క్షణకాలము మొద్దుబార్చినది. ఇక ఢిండో సాక్షాత్తు మన సీమ సంకటియే: రాగిపిండితోనో, ఫాపర్ అను కొండధాన్యపు పిండితోనో కెలికి, ముద్ద త్రుంచి పప్పులో ముంచి నమలకయే మ్రింగవలెను.

2,800 మీటర్ల యెత్తుననున్న ఆ యూర నీరు దాదాపు 90 డిగ్రీలకే తెర్లును. అందుచేత కుక్కరు లేనిదే పప్పు త్వరగా మెత్తపడదు; ఆలస్యమైనదని విసుగుకొనువారు ఈ సంగతి తలచవలెను.

పోవువారికి ఒక్క మాట. థుక్పా చారును గూర్చి రెండుమారులు అడుగుడు. పప్పన్నమునకు ఆకలితో కూర్చుండుడు. అన్నము, పప్పు, కూర తరిగినకొలది మరల వడ్డించుచునే యుందురు, ధర పెంచరు. చాలుననుటకు నోటిమాట చాలదు, కంచముపై అరచేయి అడ్డము పెట్టవలెను.