ఎర్తు లోపం పట్టే చెయ్యి

వాకాడు ఉప్పుగాలికి సెకండ్‌హ్యాండ్ కారులో ముందు చెడేవాటిలో ఎర్తు, అంటే బండి బాడీకి కలిపే నెగటివ్ కనెక్షను, ఒకటి. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసగ్గా వెలుగుతుంది. బల్బు మార్చినా, ఫ్యూజు మార్చినా అంతే. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ లైట్లు వేసి ఉంచి, మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కీ, రెండోది ల్యాంపు ఎర్తుకీ ఆనిస్తాడు. సున్నా దగ్గరుండాల్సిన అంకె రెండు వోల్టులు చూపిందంటే దొంగ దొరికినట్టే. ఆ ఎర్తు బోల్టు విప్పి, పచ్చగా చిలుమెక్కిన రింగును ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూస్తాడు. రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోయే బండైతే మరీ కష్టం. అన్నీ ఆపి, మీటరును నెగటివ్ వైరు మధ్యలో కలిపి, ఒక్కో ఫ్యూజు పీకుతూ అంకె ఎక్కడ పడిపోతుందో కాచుకుని చూడాలి. ఆ ఓపికంటే నాకెంతో గౌరవం. దానివల్లే, కొత్త వైరింగు కొనే స్తోమత లేని ఇంటివాళ్లకి, తెల్లారగానే గూడూరు ఆస్పత్రికి బయల్దేరాల్సిన బండి తాళం తిప్పగానే అందుకుంటుంది.