గిలకలదిండి డాబా – గృహ సంహిత

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన కృష్ణాతీరానికి ఒక పాఠం నేర్పింది: గాలికి ఎగిరిపోయే తాటాకు కప్పు క్రింద ప్రాణాలకు భద్రత లేదు. బందరు ప్రక్కనున్న గిలకలదిండి వంటి మత్స్యకారుల పల్లెలకు కాంక్రీటు డాబా ఆ విధంగా మేలే చేసింది. కాని గాలివాన ఒకటి రెండు దినాల ముచ్చట. ఎండ నెలల తరబడి కాస్తుంది. ఈ రెండవ పరీక్షలో డాబా నెగ్గుతున్నదా?

బందరు సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. అందుచేత మే మొదటి వారంలో మధ్యాహ్నవేళ సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఎండ గోడలకంటె కప్పుమీదనే ఎక్కువ పడుతుంది. మందం సమానమైనప్పుడు, తాటాకు, ఎండుగడ్డి వంటి వాటి గుండా ప్రసరించే ఉష్ణం కాంక్రీటు గుండా ప్రసరించే దానిలో సుమారు ఇరవయ్యో వంతు మాత్రమే. ఆకుల నడుమ చిక్కుకొన్న గాలియే దీనికి కారణం. కాంక్రీటు పగలంతా ఉష్ణాన్ని పుచ్చుకొని, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట కూడా గదిలోకి విడుస్తూ ఉంటుంది. తీరపు గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట ఆరదు. తెల్లవారకముందే వేటకు పోవలసిన మనిషికి నిద్ర కరువవుతుంది.

బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ ఇంటి పైతొడుగును, అనగా గోడలు, కప్పు, కిటికీలను గురించినది. లోపలికి, వెలుపలికి ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పు గుండా 1.2 వాట్లకు మించి ఉష్ణం ప్రసరించరాదని అది నిర్ణయించింది. ఏ రక్షణా లేని 10 సెంటీమీటర్ల కాంక్రీటు కప్పు గుండా 3 వాట్లకు పైగా ప్రసరిస్తుంది. ఉక్క ప్రాంతాలలో గాలికి తెరచుకొనే భాగం నేల వైశాల్యంలో ఆరవ వంతుకు తగ్గరాదన్న నియమం కూడా సముచితమే.

శాస్త్రం సరియైనదే, లోపం పరిధిలో ఉన్నది. 2018 నాటి ఆ సంహిత 500 చదరపు మీటర్లు, అంతకు పైబడిన స్థలాలలో కట్టే ఇళ్ళకే ఉద్దేశించబడినది. ఏ.సి. పెట్టుకొనగల ఇంటి కప్పుకు కొలత ఏర్పడింది గాని, పంకా గాలితో సరిపెట్టుకొనే ఒంటిగది డాబాకు ఏర్పడలేదు. ఎక్కువ బాధ దానిదే గదా!

తాటాకు కప్పుకు తిరిగి పోనక్కరలేదు. డాబాపై ఏటేటా తెల్లసున్నం కొట్టినా ఎండలో అధికభాగం వెనుకకు పరావర్తనం చెందుతుంది. దీనిని పాఠశాలలోనే నిరూపించవచ్చును: ఒకే రకపు రెండు రేకుడబ్బాలు తీసుకొని, ఒకదానికి సున్నం, రెండవదానికి మసి పూసి, లోపల ఉష్ణమాపకాలు ఉంచి, నడిఎండలో ఒక గంట పెడితే చాలును. ఆ రెండు అంకెల తేడాయే చిన్న ఇంటికి కూడా సంహిత అవసరమని చెబుతుంది.