అనుబంధ నవల అయిపోయాక

మా అమ్మ బీరువా అడుగు అరలో పాత చీరముక్కలో చుట్టిన మూట ఒకటుంది. చూసినవాళ్ళు పట్టుబట్టలేమో అనుకుంటారు. అవి నవలలు. మాసపత్రికతో వచ్చిన అనుబంధ నవలని జాగ్రత్తగా విడదీసి, నాలుగైదు కలిపి దబ్బనంతో కుట్టి, క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకునేది. స్వాతి మాసపత్రికవి కొన్ని. 1978లో మొదలై 2021లో ఆగిపోయిన చతుర సంచికలు కొన్ని. చతురలో అన్నీ ప్రేమకథలే వచ్చాయని కాదు, అమ్మ దాచుకున్నవి మాత్రం అవే.

డిగ్రీ చదివే రోజుల్లో, కొత్తగా స్త్రీవాదం తలకెక్కిన ఉత్సాహంలో, ఆ మూటని “నీ మత్తుమందు” అని వెక్కిరించాను. అమ్మ ఏమీ అనలేదు. మూట ఇంకాస్త లోపలికి జరిపింది. ఇన్నేళ్ళ తర్వాత ఈ వ్యాసం కోసం మళ్ళీ అడిగి విప్పించుకున్నాను.

ముందుగా ఒప్పుకోవలసింది వాటి పొట్టితనం గురించి. మధ్యాహ్నం గిన్నెలు తోమేసి, సాయంత్రం పిల్లలొచ్చి కాఫీ, టిఫిన్ల పని మొదలయ్యేలోపు దొరికే గంటా గంటన్నరలో కథ మొదలై, మలుపులు తిరిగి, ముగిసిపోవాలి. పెద్ద నవల అయితే మధ్యలో ఆపాలి, ఆపితే మళ్ళీ ఎప్పటికో. 1984లో జానిస్ రాడ్వే అమెరికాలోని ఒక ఊళ్ళో రొమాన్సులు చదివే గృహిణులతో మాట్లాడి పుస్తకం రాసింది. వాళ్ళు కథ గురించి ఎంత చెప్పారో, చదవడమనే పని గురించి అంత చెప్పారు. పుస్తకం చేతిలో ఉన్నంతసేపూ నేను ఎవరికీ అందుబాటులో లేనని ఇంటివాళ్ళకి తెలియజెయ్యడమట అది. మా ఇంట్లోనూ అంతే. అమ్మ చేతిలో పుస్తకం ఉంటే నాన్న మంచినీళ్ళు తనే ముంచుకునేవారు. గొణుక్కుంటూనే అనుకోండి.

ఇక ఆ గంటలో ఆమెకు ఏం దొరికేది? ఈ నవలల ఆకర్షణ అంతా హీరో కారులోనూ మేడలోనూ ఉందని మన విమర్శకులు చాలాకాలం నవ్వారు. నేనూ నవ్వాను. మళ్ళీ చదివితే అలా అనిపించలేదు. కారు పేరాకొకసారి వచ్చి పోతుంది. కథ ఆగి, నిలబడి చూసేది మరోచోట. ఆమెకు తలనొప్పిగా ఉందని ఆమె చెప్పకుండానే అతను గమనిస్తాడు. అందరూ భోంచేశాక ఆమె తిన్నదో లేదో అతనొక్కడే అడుగుతాడు. ఇంటిల్లిపాదికీ ఎవరికేం కావాలో కనిపెట్టి చూడటమే పనిగా బతికే మనిషిని, పుస్తకంలోనైనా ఒకడు కనిపెట్టి చూస్తాడు. ఈ కోరికని మత్తు అని ఎలా అన్నానో నాకిప్పుడు అర్థం కాదు.

ఈ రకం కథలకు మన దగ్గర దారి వేసిన యద్దనపూడి సులోచనారాణి (2018లో పోయారు) ‘సెక్రటరీ’ పొట్టి నవల కాదు. కానీ 1960లలో వచ్చిన ఆ నవల, 1976లో సినిమాగా కూడా వచ్చాక, ఎన్నో పొట్టి నవలలకు అచ్చు అయింది. మధ్యతరగతి అమ్మాయి ఉద్యోగానికి బయలుదేరడం, డబ్బున్నవాడి ఎదుట ఆత్మాభిమానంతో నిలబడటం అప్పటి పాఠకురాళ్ళకి చిన్న సంగతి కాదు. తర్వాత వచ్చిన నకళ్ళలో ఆ ఉద్యోగం క్రమంగా హీరో గదికి దారి చూపే తలుపు మాత్రమే అయింది. అమ్మ మూటలో వరసగా తొమ్మిది నవలలు చదివాను. ఏడింటిలో నాయికకు ఉద్యోగం ఉంది. జీతం ఎంతో, దాంతో ఏం చేస్తుందో, పెళ్ళయ్యాక అది ఎవరి చేతికి పోతుందో ఒక్కదాంట్లోనూ లేదు.

అయినా నాకు అసలు పేచీ జీతంతో కాదు, మౌనంతో. ఈ కథల్లో హీరో మొదటి సగం మొరటుగా ఉంటాడు. అవమానిస్తాడు, మాట్లాడకుండా వెళ్ళిపోతాడు, ఫైలు విసిరికొడతాడు. చివరి పది పేజీల్లో తెలుస్తుంది, అదంతా ప్రేమేనని. అంటే వెనకటి ప్రతి అవమానాన్నీ పాఠకురాలు మళ్ళీ చదువుకుని, అర్థం మార్చుకోవాలి. కోపమంటే ఆపేక్ష, మౌనమంటే లోతు. కథలో ఇది మహా తృప్తిగా ఉంటుంది, ఎందుకంటే రచయిత్రి మాట నిలబెట్టుకుంటుంది. ఇంట్లో అలా నిలబెట్టుకునేవాళ్ళెవరూ లేరు. నాన్న రెండేసి రోజులు మాట్లాడకుండా ఉన్నప్పుడు అమ్మ మాతో, “ఆయనకి మనసులో ఉంటుందర్రా, పైకి చెప్పరు” అనేది. చాలాకాలం నేనది అమ్మ ఓర్పు అనుకున్నాను. ఇప్పుడు మూటలో అదే వాక్యం, దాదాపు అవే మాటల్లో, మూడు నవలల్లో కనిపించింది. నవలల్ని చూసి అమ్మ నేర్చుకుందో, అమ్మల్ని చూసి రచయిత్రులు రాశారో తేల్చడం కష్టం. మగవాడి మౌనానికి అర్థం చెప్పే చాకిరీ మాత్రం ఇద్దరూ కలిసి ఆడవాళ్ళకే అప్పగించారు.

ఇన్ని తక్కువ పేజీల్లో అంతకన్నా ఏం చెప్పగలరు అనేవాళ్ళున్నారు. ఒప్పుకోను. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కొద్ది పేజీల కథ. చలాకీ అయిన అమ్మాయి పెళ్ళి చేసుకుని, ఇల్లు అలికి అలికి తన పేరే మరిచిపోతుంది. రొమాన్సు ఎక్కడ ‘శుభం’ వేస్తుందో సరిగ్గా అక్కడ మొదలవుతుంది. అబ్బూరి ఛాయాదేవి కథకి ‘సుఖాంతం’ అనే పేరు. జీవితమంతా కంటినిండా నిద్రకి మొహం వాచిన ఆ స్త్రీ చివరికి నిద్రమాత్రలు మింగుతుంది. ఈ రెండు కథలూ మా అమ్మ చేత చదివించాను. “బాగున్నాయి, నిజమే” అంది. మళ్ళీ చదవమంటే, “తెలిసిందేగా, మళ్ళీ చదవడం ఎందుకు?” అంది. మనం రాసేవాళ్ళం ఆ జవాబు ముందు కాసేపు కూర్చోవాలనిపిస్తుంది నాకు.

కులం సంగతి ఇక్కడే చెప్పాలి. ఈ నవలల్లో ఎవరికీ కులం ఉండదు. ఇంటిపేరు ఉండదు. కానీ వంటింట్లో మడి ఉంటుంది, వరండాలో పడక్కుర్చీ ఉంటుంది, “మన సంప్రదాయం” అనే అత్తగారు ఉంటుంది. ఎవరిల్లో ఇట్టే తెలిసిపోతుంది. డబ్బు తేడా ఒక్కటే అడ్డంకి, అది చివర్లో కరిగిపోతుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుడిని, గర్భిణి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపించారు. ఈ నేల మీద ప్రేమకి అసలు అడ్డంకి ఏమిటో అందరికీ తెలుసు, రొమాన్సుకి తప్ప.

ఈ మాటే మా విద్యార్థిని ఒకమ్మాయితో అన్నాను. ఆమె దళిత కుటుంబం నుంచి వచ్చింది. హాస్టల్లో పడుకునే ముందు ఫోన్లో ఒక యాప్‌లో చిన్న చిన్న ప్రేమ నవలలు భాగాలుగా రాస్తుంది. కంపెనీ యజమాని, ముక్కోపి, ఆరడుగులు, అంతా పాత అచ్చే. నీ నాయికకు కులం ఎందుకు పెట్టలేదని అడిగాను. “పొద్దున లేస్తే రాత్రి దాకా ఉంటుంది గదా మేడం. అక్కడన్నా లేకుండా ఉండనియ్యండి” అంది.

నా దగ్గర సిద్ధంగా ఉన్న వాదన గొంతులోనే ఉండిపోయింది. కాసేపటికి వేరే ప్రశ్న వేశాను, పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఎవరింట్లో కాపురముంటారని. ఆమె ఆలోచించలేదట. వారం తర్వాత ఇంకో భాగం రాసి చూపించింది. అందులో నాయిక తన జీతంతో అద్దె ఇల్లు వెతుకుతోంది. ఇంటి ఓనరు గేటు దగ్గరే నిలబెట్టి, “మీరేమిట్లు?” అని అడుగుతున్నాడు. భాగం అక్కడ ఆగింది. చదివేవాళ్ళు, ఇదేంటి, హీరో ఎప్పుడొస్తాడు అని అడుగుతున్నారట. ఆమె ఇంకా తరువాయి రాయలేదు.