ఇస్త్రీ శబ్ద విచారము

ఇస్త్రీ యను పదము తద్భవమా, దేశ్యమా, అన్యదేశ్యమా యను ప్రశ్న పైకిఁ జూడ స్వల్పము. కాని విద్యార్థి తన వ్యాసమున నీ పదమును వ్రాసినపుడు పండితుఁడు దానిని నిలుపవలెనా, కొట్టివేయవలెనా యనునది యీ ప్రశ్నపై నాధారపడియున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో నీ మాట ఇస్త్రీ యనియు, ఇస్తిరి యనియు వినవచ్చును. కుప్పమునకు దక్షిణమునఁ దమిళులును ఇస్తిరి యనియే యందురు. పడమటి కన్నడిగులు ఇస్త్రి యందురు. మూఁడు భాషలకును సమానమగుటచే నిది యన్యభాషాగతమని కొందఱు తలంతురు. ఈ హేతువు చాలదు. సంస్కృతమునుండి వచ్చిన పదమును మూఁడు భాషలకు సమానముగనే యుండును గదా.

సంస్కృతపక్షమువారు దీనిని పఱచుట యను నర్థముగల స్తౄ ధాతువునకు ముడిపెట్టుదురు. హిందీ నిఘంటుకారులలోఁ గొందఱికి స్తరీ యను రూపము సమ్మతము. అర్థము కొంతవఱకు నతుకును: ఆస్తరణము, విస్తరము, మన విస్తరాకు నీ ధాతువునకుఁ జెందినవే. కాని స్తరీ శబ్దమునకు వేదమునఁ గనఁబడు నర్థము గొడ్డుటావు. పొట్టియావులకుఁ బ్రసిద్ధికెక్కిన పుంగనూరివారి కీ వ్యుత్పత్తి వినోదము గూర్పవచ్చును గాని, చాకలివాని పెట్టెను వివరింపఁజాలదు. పదాదియందలి ఇకార మేపక్షమునకును సాక్షి కాదు. స్టేషను ఇస్టేషనైనట్లు, లోకవ్యవహారమున స్త్రీ శబ్దమే ఇస్త్రీ యైనట్లు, సకారసంయుక్తమునకు ముందు ఇకారము చేరుట మనవారి నోట సాధారణము.

రెండవ పక్షము పోర్చుగీసు క్రియయగు ఎస్తిరార్. ఇదియే స్పానిష్ భాషయందును గలదు. చాచుట, సాగఁదీయుట, ముడుతలు లేక బిగియఁ బఱచుట దీని యర్థములు. వెలికి అను నర్థముగల లాటిను ఎక్స్ అను నుపసర్గ ఎస్ అయి, తిరార్ అను క్రియకుఁ జేరినది. పోర్చుగీసున తిరార్ అనఁగాఁ దీయుట. కావున ఎస్తిరార్ కు మన సాగఁదీయు అను సమాసక్రియ యవయవములలోఁ గూడ నించుమించు సరిపడును. ఇది కేవలము కాకతాళీయము. దీనిని బట్టి బంధుత్వము కల్పింపరాదు. ఇటాలియనున తిరారె, ఫ్రెంచిన తిరె అను రూపములుగల యీ తిరార్ మూలము వివాదగ్రస్తమై యున్నది. స్పానిష్ వారు కాలు చాచెనని మరణమును సూచించుట కీ క్రియనే వాడుదురు.

ఈ క్రియ రూపసిద్ధి నిర్ణయమునకు ముఖ్యము. ఎస్తిరొ అనఁగాఁ జాచుదును, ఎస్తిరస్ అనఁగాఁ జాచుదువు, ఎస్తిర అనఁగాఁ జాచును, ఎస్తిరముస్ అనఁగాఁ జాచుదుము. మనకువలెనే వారికిని బ్రత్యయమే పురుషమును దెలుపుటచే సర్వనామమును విడువవచ్చును. భూతమున ఎస్తిరెయి అనఁగాఁ జాచితిని. క్రియ నియతము, వైపరీత్యము లేదు. ఇన్ని రూపములలో ఇస్తిరి కేది మూలము? తుమున్నర్థకమగు ఎస్తిరార్ నుండి ఇస్తిరారు రావలెను. నీచవిధి యగు ఎస్తిర నుండి ఇస్తిర రావలెను. తుది ఇకారము నిచ్చునది ఎస్తిరె. తమరు వంటి గౌరవపదముతోఁ బ్రథమపురుషమునఁ జేరు విధ్యర్థక రూపమిది. మెస్త్రె మేస్త్రీ యైనట్లు ఎస్తిరె ఇస్తిరి యగుట వర్ణపరిణామమున కనుకూలము. ఐనను యజమాని చాకలిని గౌరవరూపమున నాజ్ఞాపించునా యను నాక్షేపము బలమైనదే. హిందూస్థానీ నామములందలి ఈకారము తరువాతఁ జేరెనని చెప్పినచో నీ చిక్కు తొలఁగును. కావున ఎస్తిరె యను నూహను సిద్ధాంతముగాఁ బట్టుకొనరాదు.

ఇంతకంటెఁ గఠినమైన యాక్షేప మర్థమునందున్నది. పోర్చుగలునందు బట్టల కీ పనిచేయుటను ఇనుము నడపుట యనియు, గంజిపెట్టుట యనియు నర్థమిచ్చు పదములతోఁ జెప్పుదురు; స్పెయినువారు ప్లంచార్ అందురు. స్వదేశమున నీ యర్థమునకు రూఢికాని క్రియ పరదేశమున నెట్లు రూఢియయ్యెను? పదము గ్రంథములనుండి గాక పనివాండ్ర వాడుకనుండి వచ్చెననుటయే దీనికి సమాధానము. పోర్చుగీసువారికిఁ జాకలివాండ్రతోఁ గల సంబంధమునకు భాషలోనే యాధారమున్నది: చాకలిని దెలుపు మలయాళపదమును వారు మయినాతు అని గ్రహించిరి, గంజిని కంజ అని కొనిపోయిరి. గంజి నిచ్చి ఇస్త్రీని బుచ్చుకొన్నట్లున్నది. 16వ శతాబ్దిలో మైలాపురమునను, పళవేర్కాటనువారు నివసించిరి. 1598లో మైలాపురమునుండి జెసూటు మతగురువులు చంద్రగిరి రాజధానికి వచ్చిరి. పదము సముద్రతీరమునుండి మీఁదిసీమ కెక్కుటకు మార్గము లేకపోలేదు.

తెలుఁగున దీని ప్రయోగమును జూడుఁడు. సంస్కృతధాతువు ఇంచుక్కుతో భావించు, రచించు అగును. హిందూస్థానీ క్రియ దబాయించు, చలాయించు అగును. ఇస్తిరించు అని యెవ్వరు ననరు. ఇస్త్రీ చేయు అనియే యందురు. క్రియయై పుట్టినది మనకు నామమైనది. పోర్చుగీసునుండి మనకు వచ్చిన మేస్త్రీ, వేలము, బొత్తాము, అలమార, పీపా మున్నగునవి నామములే. వానితోఁ గలసి వచ్చుటచేఁ గాఁబోలు నిదియు నామముగనే నిలిచినది. స్తౄ ధాతువునుండి వచ్చినదైనచో విస్తరించు నెఱిఁగిన భాష ఇస్తిరించు అనుటకు సంకోచింపఁ బనిలేదు.

కాఁబట్టి యిది యన్యదేశ్యమనుటయే యుక్తము. దీనికి మాఱుగాఁ జలువ యను తెలుఁగుపదమును బెట్టుమనువారు కలరు. చలువ యుదుకుట, తెలుపెక్కించుట మున్నగు చాకలిపని నంతను దెలుపును. నిప్పులు నింపిన పెట్టెతో ముడుతలు దీర్చుట యొక్కటియే దాని యర్థము కాదు. వేలమును బొత్తామును నిలిపిన కలము దీనిని మాత్రము కొట్టివేయుటకుఁ గారణము గనఁబడదు. వర్ణక్రమమున మాత్రము ఇస్తిరి మూలమునకు దగ్గఱ. స్త్రీ శబ్దభ్రాంతియుఁ గలిగింపదు. ఇస్త్రీ యను రూపము ముద్రణమునఁ బాదుకొన్నది గనుక దానిని దోషమనరాదు గాని, కుప్పమునందు ఇస్తిరిపెట్టె యని వ్రాసిన విద్యార్థిని దిద్దుట మాత్రము తగదు.