తల్లి భాషలో తల్లి మాట ఎక్కడ?

పిల్లల జబ్బుల గురించి మోంగ్ తల్లిదండ్రులకి వాళ్ల భాషలోనే బొమ్మల సినిమాలు తీసి చెప్పాలన్న ఆలోచన గురించి చదివినప్పుడల్లా నాకు ఫోవా లీ గుర్తొస్తుంది. ఆన్ ఫాడిమన్ 1997లో రాసిన 'ద స్పిరిట్ క్యాచెస్ యూ అండ్ యూ ఫాల్ డౌన్' పుస్తకంలోని తల్లి ఆమె.

లావోస్ నుంచి శరణార్థిగా వచ్చిన ఫోవాకి 1982లో కాలిఫోర్నియాలోని మెర్సెడ్‌లో లియా పుట్టింది. మూడు నెలలకే మూర్ఛలు మొదలయ్యాయి. నాలుగేళ్లలోపు వ్యవధిలో డాక్టర్లు మందులు ఇరవైసార్లకి పైగా మార్చారు. సీసాల మీద ఇంగ్లీషు. ఫోవాకీ, ఆమె భర్తకీ ఏ భాషా చదవడం రాదు. మందులు సరిగ్గా వెయ్యడం లేదని 1985లో బిడ్డని తీసుకెళ్లి పరాయి ఇంట్లో పెట్టారు.

అప్పుడొక బొమ్మల సినిమా ఉండి ఉంటే? పొద్దున సూర్యుడి బొమ్మ పక్కన ఇన్ని చెంచాలు, రాత్రి చంద్రుడి పక్కన ఇన్ని అని చూపిస్తే కొంత మేలు జరిగేదే. మోంగ్ భాషకి ఇప్పుడు ఎక్కువమంది వాడే రోమన్ లిపి ఏర్పడింది 1950లలో. చదువుకి నోచుకోని ఆడవాళ్లకి కరపత్రాన్ని ఎంత బాగా అనువదించి ఇచ్చినా అది కాగితమే. గొంతూ, బొమ్మా అలా కాదు. పైగా బొమ్మల్లో కథ చెప్పడం ఈ స్త్రీలకి కొత్తేమీ కాదు. యుద్ధాన్నీ, మెకాంగ్ నది దాటిన రాత్రుల్నీ థాయ్‌లాండ్ శిబిరాల్లో గుడ్డమీద సూదితో కుట్టినవాళ్లు వాళ్లు.

నా పేచీ భాషతో కాదు, ఆ భాషలో ఎవరు మాట్లాడుతున్నారన్న దానితో. మూర్ఛని మోంగ్‌లో 'కావ్ డా పే' అంటారు. ఆత్మ పట్టుకుంటే పడిపోవడం అని అర్థం. అది భయమూ, గౌరవమూ కూడా. అలా పడిపోయేవాళ్లు వైద్యం చేసే షామన్లు కావచ్చునని నమ్మకం. ఆ మాటని తుడిచేసి మెదడులో విద్యుత్తు అని మాత్రమే చెప్పే సినిమా వాళ్ల గడప దాటి లోపలికి పోదు. 'అమ్మవారు పోసింది' అన్న మన అమ్మమ్మల ముందు వైరస్ అన్న మాట ఎంత దూరం పోయింది?

ఇంకొకటి. తల్లిదండ్రులు అంటారు గానీ మందు వేసేది తల్లి, తప్పు పడేదీ తల్లి మీదే. మోంగ్ కుటుంబాల్లో పెద్ద వైద్య నిర్ణయాలు చాలాసార్లు భర్త వంశపు పెద్దల చేతుల్లో ఉంటాయి. వాళ్లని వదిలేసి తల్లికి మాత్రమే పాఠం చెబితే అధికారం లేని బాధ్యత ఇంకాస్త పెరుగుతుంది.

వైద్యుడూ మానవశాస్త్రవేత్తా అయిన ఆర్థర్ క్లైన్‌మన్ రోగిని అడగాల్సిన ఎనిమిది ప్రశ్నలు రాశాడు. ఈ జబ్బుని మీరేమంటారు? ఎందుకొచ్చిందనుకుంటున్నారు? ఆ ప్రశ్నల్ని ఫాడిమన్ తన పుస్తకంలోకి తెచ్చింది. అయితే అక్కడ కూడా ఫోవా మాట దుభాషి ద్వారా, మరో స్త్రీ కలం ద్వారానే మనకి చేరింది. బొమ్మల సినిమా ఆ ప్రశ్నలతో మొదలై, తల్లుల జవాబులతో తయారైతే అది చదువు అవుతుంది. లేకపోతే తల్లి భాషలో వినిపించే ఆజ్ఞ అవుతుంది.

1986 చివర్లో వచ్చిన తీవ్రమైన మూర్ఛ తర్వాత లియా ఇక ఎవర్నీ గుర్తుపట్టలేదు. ఎక్కువ రోజులు బతకదనుకున్న ఆ బిడ్డని కుటుంబం ఇంట్లోనే సాకింది. లియా 2012 దాకా బతికింది. మందు వెయ్యడం రాదని ముద్రపడిన తల్లి చేసిన వైద్యం అది. దాని గురించి డాక్టర్లకి చూపించే సినిమా ఏ భాషలో తియ్యాలి?