ఎండ పడని వెలుతురు

రథసప్తమి వారంలో ఏటా ఫోన్లలో తిరిగే సలహా ఈసారీ వచ్చింది: లేత ఎండలో కూర్చుంటే పెద్దల ఎముకలకు కావలసిన విటమిన్ డి పుష్కలంగా అందుతుందని. సలహా పాటించదగినదే గాని, చూపిన కారణం సరైనది కాదు. చర్మంలో ఆ విటమిన్ తయారీకి తోడ్పడే అతినీలలోహిత-బి కిరణాలు సూర్యుడు బాగా పైకెక్కాకే నేలకు తగినంతగా చేరతాయి. తిరుపతిలో జరిగిన పరిశోధనలు అందుకు అనువైన వేళ పగలు 11 నుంచి 2 గంటల వరకని తేల్చాయి. మన వేసవిలో ఆ వేళ వృద్ధులను బయట కూర్చోబెట్టడం వడదెబ్బకు అప్పగించడమే. పైగా వయసు పైబడిన చర్మానికి విటమిన్ డి తయారుచేసుకునే శక్తి కూడా తగ్గుతుంది కనుక, ఎముకల సంగతి వైద్యుడితో మాట్లాడి తేల్చుకోవలసినది.

ఉదయపు వెలుతురు చేసే అసలు మేలు కంటి ద్వారా జరుగుతుంది. కంటి వెనుక పొర అయిన రెటీనాలో, బయట ఎంత వెలుగుందో మెదడుకు నేరుగా తెలిపే ప్రత్యేక కణాలున్నాయని 2002లో వెల్లడైంది. మెలనాప్సిన్ అనే వర్ణకం గల ఈ కణాలు పగటి వెలుగులోని నీలి భాగానికి ఎక్కువగా స్పందించి, నిద్రనూ మెలకువనూ నడిపే శరీర గడియారాన్ని రోజూ సరిచేస్తాయి. వార్ధక్యంలో కంటి కటకం పసుపుబారి, కంటిపాప చిన్నదై, ఆ వెలుగు లోపలికి చేరడం తగ్గుతుంది. పగలు కునికిపాట్లు, రాత్రి జాగారం అనే బాధకు ఇదొక కారణం. నెదర్లాండ్స్‌లోని 12 వృద్ధ సంరక్షణ గృహాల్లో జరిగి 2008లో ప్రచురితమైన అధ్యయనంలో, పగటిపూట దీపాల వెలుతురును సుమారు 1,000 లక్స్‌లకు పెంచినప్పుడు కుంగుబాటు లక్షణాలు తగ్గాయి.

లక్స్ అంటే వెలుతురు తీవ్రతకు కొలమానం. ఇంట్లో దీపం వేసిన గదిలో అది కొన్ని వందలకు మించడం అరుదు. మబ్బు పట్టిన పగలైనా ఆరుబయట వేలల్లో ఉంటుంది. ఒకప్పుడు ఇంటి ముందు చూరు నీడన అరుగు మీద కూర్చుని, చింతపండులో గింజలు తీస్తూ, విస్తళ్ళు కుడుతూ, దారిన పోయేవారిని పేరు పెట్టి పలకరిస్తూ పొద్దుపుచ్చిన ముసలమ్మకు, ఒంటి మీద ఎండ పడకుండానే గదిలో దొరకనంత వెలుగూ, దానితోపాటు నలుగురి మాటా అందేవి. కనుక ఎండలో కూర్చోవాలన్న పట్టింపు అక్కర్లేదు, ఆకాశం కనిపించే నీడ చాలు. అరుగులు తీసేసి, బాల్కనీలను బట్టలారేసే చోట్లుగా మార్చి, పెద్దల మంచాన్ని కిటికీ తెరిస్తే పక్కింటి గోడ కనిపించే వెనక గదిలో వేయడం ఇళ్లు కట్టేవారూ, కొనేవారూ కలిసి చేస్తున్న అన్యాయం.

పొద్దుటి కాఫీ వేళకైనా పెద్దల కుర్చీ బాల్కనీలోనో గుమ్మం బయటో వేయాలి. నడవలేని వారిని చేయి పట్టి అక్కడిదాకా తీసుకువెళ్లే పని ఇంట్లో ఒకరు తమదిగా పెట్టుకోవాలి.