పట్టా లోపలి పగులు

మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలుకు, నల్లగొండ మీదుగా గుంటూరుకు పోయే రైలు మార్గాలకు ప్రత్యేకమైన డాక్టర్లున్నారు. చిన్న ట్రాలీని పట్టాల మీద నెట్టుకుంటూ, తెర మీది గీతలు చూస్తూ నడిచే సిబ్బంది వాళ్లు. వాళ్ల పనిముట్టు అల్ట్రాసోనిక్ తరంగం.

రైలు చక్రాన్ని సుత్తితో తట్టి, మోతను బట్టి పగులును పసిగట్టడం పాత విద్య. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. ట్రాలీ ప్రోబ్‌లు పంపే తరంగాలు సెకనుకు 20 లక్షల నుంచి 40 లక్షల సార్లు కంపిస్తాయి. రెండూ ధ్వనే, ఉక్కులో రెండూ దాదాపు ఒకే వేగంతో పోతాయి: సెకనుకు సుమారు 5,900 మీటర్లు.

తేడా అంతా తరంగం పొడవులో ఉంది. వెయ్యి హెర్ట్జ్ మోతకు ఉక్కులో ఆ పొడవు దాదాపు ఆరు మీటర్లు. 40 లక్షల హెర్ట్జ్ దగ్గర అది ఒకటిన్నర మిల్లీమీటర్లే. చెరువులో పెద్ద అల గడ్డిపోచను దాటిపోయినట్టు, పొడవైన తరంగం సన్నని పగులును దాటిపోతుంది. పొట్టి తరంగం దానికి తగిలి వెనక్కి వస్తుంది. పైగా అది టార్చి వెలుగులా ఒకే దిక్కుకు పోతుంది కాబట్టి, తిరిగొచ్చిన సమయాన్ని బట్టి పగులు ఎంత లోతున ఉందో తెలుస్తుంది.

అయితే గాలి పొర కాస్త అడ్డుపడినా ఈ తరంగం ఉక్కులోకి దిగదు. అందుకే ప్రోబ్‌కూ పట్టాకూ మధ్య నీళ్లు కారుస్తారు. మెట్ట ప్రాంతపు ఎండలో ఆ నీళ్లు మోసుకెళ్లడమూ పనిలో భాగమే.

నిట్టనిలువుగా దిగే తరంగానికి అడ్డంగా పరుచుకున్న పగులు దొరుకుతుంది. నిలువుగా చీలినది దొరకదు. దానికోసం 70 డిగ్రీల వాలుతో మరో ప్రోబ్ ఉంటుంది. బోల్టు రంధ్రం కూడా ప్రతిధ్వని ఇస్తుంది. ఏది రంధ్రం, ఏది పగులు అని తేల్చేది తెర చూసే మనిషి. చలికాలపు తెల్లవారుజామున పట్టా ముడుచుకున్నప్పుడు, దొరకని పగులు దగ్గరే అది తెగే ప్రమాదం ఎక్కువ.

పగులు తేలితే గుర్తు పెట్టి, ఆ చోట రైళ్ల వేగం తగ్గించి, పట్టా ముక్కను మారుస్తారు.

85 కిలోమీటర్ల సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్‌ను 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితం చేశారు. పరీక్షించాల్సిన పట్టా అక్కడ రెట్టింపైంది. శిక్షణ పొందిన కళ్లు, తొందరపెట్టని సమయం కూడా అదే లెక్కన పెరగాలి.